సైకిలు ఇచ్చారు, రోడ్డేదీ?

సైకిలు మీద ఉద్యోగానికి వెళ్ళే ఆడమనిషిని చూడగానే ఈ హైదరాబాదుకి మూడు అనుమానాలొస్తాయి. డబ్బుల్లేవేమో. డాక్టరు ఒళ్ళు తగ్గమన్నాడేమో. అవీ కాకపోతే కాస్త తిక్కేమో. ఆమెకో ఉద్యోగం ఉంది, తొమ్మిదిన్నరకల్లా అక్కడుండాలి, అందుకని సైకిలెక్కింది అన్న మామూలు సంగతి మాత్రం ఎవరికీ తట్టదు. నేను తార్నాక నుంచి కోఠి వైపున్న ఒక కాలేజీకి సైకిలు మీద వెళ్ళి పాఠాలు చెప్పొస్తాను. వారానికి నాలుగు రోజులు. ఐదేళ్ళు దాటింది. ఇప్పటికీ వాచ్‌మన్ దగ్గర్నుంచి తోటి లెక్చరర్ల దాకా అడిగే ప్రశ్న ఒకటే. “కారు కొనుక్కోరాదా మేడమ్?”

ముందే చెప్పేస్తున్నాను. పర్యావరణం, పెట్రోలు ధర, మోకాళ్ళ ఆరోగ్యం వగైరాల గురించి నేనిక్కడ మాట్లాడబోవడం లేదు. అవి రాసేవాళ్ళు చాలామందే ఉన్నారు, రాయనివ్వండి. నా తగువు వేరు. మన సమాజం ఆడవాళ్ళ చేతికి సైకిలివ్వడానికి ఎప్పుడో ఒప్పుకుంది. కాకపోతే షరతులు పెట్టింది. బడికెళ్ళే పిల్లగా తొక్కొచ్చు. ఒళ్ళు తగ్గించుకునే గృహిణిగా తొక్కొచ్చు. పతకం తెచ్చే క్రీడాకారిణిగా తొక్కితే చప్పట్లు కూడా కొడతారు. పనికి వెళ్ళే మనిషిగా మాత్రం తొక్కకూడదు. ఎందుకంటే పనికెళ్ళే మనిషికి రోజూ, రద్దీ వేళలో, రోడ్డులో వాటా కావాలి. ఆ వాటా దగ్గరే వస్తుంది గొడవంతా.

2006లో బీహార్ ప్రభుత్వం తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకు సైకిలు కొనుక్కోవడానికి డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. దాని ఫలితాల మీద కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ చేసిన అధ్యయనం మనలో చాలామంది చదివే ఉంటారు. హైస్కూల్లో ఆడపిల్లల చేరిక 32 శాతం పెరిగిందనీ, ఆడపిల్లలకీ మగపిల్లలకీ మధ్య తేడా 40 శాతం తగ్గిందనీ, ఆ పెరుగుదల ముఖ్యంగా బడి దూరంగా ఉన్న ఊళ్ళలోనే కనబడిందనీ వాళ్ళు లెక్కతేల్చారు. ఆంధ్రప్రదేశ్‌లో కూడా ‘బడికొస్తా’ అనే పేరుతో ప్రభుత్వ పాఠశాలల ఆడపిల్లలకు సైకిళ్ళు పంచారు. మంచి పనే. పేపర్లలో ఫోటోలు చూసి నేనూ సంతోషించాను. వరసగా నిలబెట్టిన సైకిళ్ళు, రిబ్బన్లు కట్టుకున్న పిల్లలు, మధ్యలో నవ్వుతున్న నాయకుడు.

మరి పదో తరగతి అయిపోయాక ఆ సైకిలు ఎటుపోతుంది? తమ్ముడి చేతికి. లేకపోతే నాన్నతో పాటు పొలానికి. ఆ అమ్మాయి చదువుకోసమో పనికోసమో పట్నం వస్తుంది. ఏ బట్టల షాపులోనో బిల్లు కౌంటర్ దగ్గర రోజంతా నిలబడే ఉద్యోగంలో చేరుతుంది. పద్నాలుగేళ్ళప్పుడు మట్టిరోడ్డు మీద ఐదు కిలోమీటర్లు తొక్కుకుంటూ వెళ్ళిన మనిషి, ఇరవై రెండేళ్ళప్పుడు షేర్ ఆటోలో మగవాళ్ళ మధ్య భుజాలు ముడుచుకుని కూర్చుంటుంది. నా క్లాసులో ఓసారి అడిగాను, సైకిలొచ్చిన వాళ్ళెంతమంది అని. సగానికిపైగా చేతులు లేచాయి. ఇప్పుడు తొక్కుతున్న వాళ్ళెంతమంది అన్నాను. అందరూ నవ్వారు. అదేదో చిన్నప్పటి ఫ్రాకు ఇప్పుడు వేసుకుంటారా అని అడిగినట్టు నవ్వారు! ఆడపిల్ల లబ్ధిదారుగా ఉన్నన్నాళ్ళే సైకిలు ఆమెది. పౌరురాలయ్యాక కాదు.

ఇలా జరగనక్కర్లేదని మన పక్క రాష్ట్రంలోనే ఒక జిల్లా చూపించింది. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టైలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్ సైకిలు నేర్పడాన్ని ఆ ఉద్యమంలో భాగం చేసింది. అక్షరాలతో పాటు సైకిలు కూడా. లక్షమందికి పైగా పల్లెటూరి ఆడవాళ్ళు నేర్చుకున్నారని పి.సాయినాథ్ రాశాడు. క్వారీల్లో రాళ్ళు కొట్టేవాళ్ళు, కూలీలు, అంగన్‌వాడీ కార్యకర్తలు, ఊరూరా తిరిగే నర్సులు. లేడీస్ సైకిళ్ళు దొరక్కపోతే మగవాళ్ళ సైకిళ్ళే ఎక్కారట. కొందరైతే అవే నయం అన్నారట. ముందు కడ్డీ మీద బిడ్డని కూర్చోబెట్టుకోవచ్చు కదా! ఈ ఒక్క వివరం కోసం ఆ వ్యాసాన్ని నేను ఎన్నిసార్లు చదివానో. వాళ్ళకి సైకిలు చిహ్నం కాదు, నీళ్ళ బిందె మోసే బండి, సంతకి సరుకు తీసుకెళ్ళే బండి, బిడ్డని దింపి పనికెళ్ళే బండి.

సరిగ్గా అవే రోజుల్లో, అదే అక్షరాస్యతా ఉద్యమం మన నెల్లూరులో మరో దారి పట్టింది. వాచకంలో ‘ఆడవాళ్ళు ఏకమైతే’ పాఠం చదువుకున్నారు. దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. 1993 అక్టోబర్‌లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ పోరాటం మీద మనం పుస్తకాలు రాశాం, సెమినార్లు పెట్టాం, పాటలు కట్టుకున్నాం. రాయాల్సిందే. కానీ పుదుక్కోట్టైలో తిరిగిన ఆ చక్రం గురించి తెలుగు స్త్రీవాదం ఎంత రాసింది? ఇల్లు గురించి రాశాం, వంటగది గురించి, పడకగది గురించి, దేహం గురించి, భాష గురించి రాశాం. ఇంటి నుంచి పనిచోటికి మధ్యన రోజూ దాటాల్సిన ఆ ఏడెనిమిది కిలోమీటర్లు మన సాహిత్యంలో ఎక్కడున్నాయి?

ఇక ఆడవాళ్ళ కష్టాన్ని సైకిలు మీద చూసినప్పుడు ఈ దేశం ఏం చేస్తుందో 2020 మే నెలలో చూశాం. లాక్‌డౌన్‌లో పదిహేనేళ్ళ పిల్ల ఒకతి గాయపడిన తండ్రిని వెనక కూర్చోబెట్టుకుని గురుగ్రామ్ నుంచి దర్భంగా దాకా, దాదాపు 1200 కిలోమీటర్లు తొక్కింది. దేశమంతా పొంగిపోయింది. అమెరికా అధ్యక్షుడి కూతురు కూడా మెచ్చుకుంది. సైక్లింగ్ ఫెడరేషన్ వాళ్ళు పరీక్షకి రమ్మన్నారు. రైలెక్కాల్సిన పిల్ల సైకిలెందుకు ఎక్కాల్సొచ్చింది అన్న ప్రశ్న పతకాల ఊహల్లో కొట్టుకుపోయింది. నాకైతే ఒళ్ళు మండింది.

మా తరం సంగతి కొంచెం చెప్పాలి. మా ఊళ్ళో గంటకు అర్ధరూపాయి ఇచ్చి అద్దె సైకిలు తెచ్చుకునేవాళ్ళం. సీటు అందక, కడ్డీ కిందనుంచి కాలు దూర్చి వంకరగా తొక్కేవాళ్ళం. మోచిప్పలన్నీ పుళ్ళు. నేను పెద్దమనిషినయ్యాక మా నాయనమ్మ ఆపించేసింది. కారణం పైకి చెప్పలేదు. తర్వాత హాస్టల్లో సీనియర్లు గుసగుసగా చెప్పారు, సైకిలు తొక్కితే ‘అది’ పోతుందట! ఒక పలచటి పొర కోసం ఒక తరం మొత్తం కాళ్ళు కట్టేసుకుంది. ఆ మూఢనమ్మకం ఇప్పుడెవరూ పైకి అనరు. దాని బదులు “సేఫ్ కాదు కదా” అంటారు. మాట మారింది, చేసే పని అదే.

బండ్ల తయారీ చూసినా మన స్థానం ఎక్కడో తెలుస్తుంది. మోటారు సైకిలు వెనక చక్రాన్ని సగమైనా కప్పే రక్షణ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఉంది. వెనక కూర్చున్న మనిషి బట్టలు చక్రంలో చిక్కుకోకుండా. నిబంధనలో ఆడా మగా అని లేదు గానీ బజార్లో దాని పేరు శారీ గార్డ్. మంచిదే, ఎందరి ప్రాణాలో కాపాడి ఉంటుంది. కానీ చూడండి, చీర కట్టుకున్న ఆడమనిషి వెనక సీట్లోనే కూర్చుంటుందని అందరికీ ఎంత నమ్మకమో. తనే తొక్కుకుంటూ పోయే ఆడమనిషి కోసం షోరూంకెళ్తే గేర్ల సైకిళ్ళు చూపిస్తారు. చాలావాటికి చైను కవరుండదు, మడ్‌గార్డుండదు, పుస్తకాల సంచీ పెట్టుకోవడానికి క్యారియరుండదు. నిక్కరు వేసుకుని ఆదివారం పొద్దున్నే తొక్కే మనిషి కోసం చేసిన బండ్లవి. నేను వెతికి వెతికి పాతబస్తీలో ఒక షాపులో నల్లటి లేడీస్ సైకిలు కొన్నాను. బుట్టతో సహా.

ఇప్పుడు రోడ్డు మీదికి రండి. యూనివర్సిటీ క్యాంపస్ లోపల చెట్ల కింద వెళ్ళినంతసేపూ హాయి. అడిక్‌మెట్ ఫ్లైఓవర్ ఎక్కడంతోటే అసలు నగరం మొదలవుతుంది. సైకిలు ఎడమ పక్కనే వెళ్ళాలి. మన కూడళ్ళలో ఎడమకు తిరిగే బండి ఆగనక్కర్లేదు, ఫ్రీ లెఫ్ట్. ఈ రెండు నియమాలు ఒకదాన్నొకటి ఢీకొనే చోట రోజూ నేనుంటాను. తిన్నగా పోదామని చూస్తుంటే వెనకనుంచి హారన్లు, “జరుగమ్మా, సిగ్నల్ ల నీకేం పని?” అని తిట్లు. నగరంలో చాలాచోట్ల కూడళ్ళు మూసేసి, కుడివైపు తిరగాలంటే ముందుకెళ్ళి యూటర్న్ తీసుకోమన్నారు. కారుకి అది అర నిమిషం. సైకిలుకి అంత దూరం అదనం, పైగా మూడు వరసల బండ్లని కోసుకుంటూ కుడి అంచుకు చేరి, తిరిగి మళ్ళీ ఎడమ అంచుకు రావాలి. నడిచేవాళ్ళ సంగతి ఇంకా ఘోరం. వాననీటి గ్రిల్లుల కడ్డీలు కొన్నిచోట్ల సరిగ్గా సైకిలు టైరు దిగబడేంత ఎడంతో, రోడ్డు పోయే దిక్కుకే వేసి ఉంటాయి. వేసిన మనిషి ఏనాడూ సైకిలు ఎక్కి ఉండడని ఒట్టేసి చెప్పగలను.

ఇవి ఇంజనీర్ల చాదస్తాలని కొట్టేయకండి. ఎవరి ప్రయాణాన్ని ప్రయాణంగా లెక్కపెట్టారన్నది ఇందులో ఉంది. మగవాడు ఇంటి నుంచి ఆఫీసుకి, ఆఫీసు నుంచి ఇంటికి తిన్నగా వెళ్తాడు. ఫ్లైఓవర్లన్నీ ఆ తిన్నని గీత కోసం కట్టినవే. ఆడవాళ్ళ ప్రయాణం అలా ఉండదని ఎన్నో దేశాల్లో పరిశోధకులు చూపించారు. నా సాయంత్రమే చూడండి. కాచిగూడలో టైలరు దగ్గర జాకెట్లు, బర్కత్‌పురలో అత్తగారి బీపీ మాత్రలు, నల్లకుంట మార్కెట్లో కూరలు, ఆ తర్వాత ఇల్లు. నాలుగుచోట్ల ఆగాలి. కారుకి ఆ నాలుగుచోట్లా చోటు దొరకదు. సైకిలైతే గోడకి ఆనించేస్తే చాలు. ఇంటి చాకిరీ అంతా మన నెత్తిన పెట్టి, ఆ చాకిరీకి అక్కరకొచ్చే బండిని రోడ్డు మీంచి తోసేశారు. ఈ రెండూ ఒకే చేతి పని.

‘సేఫ్టీ’ మాటకొద్దాం. 2019 నవంబర్‌లో శంషాబాద్ దగ్గర ఆ పశువైద్యురాలికి జరిగిన ఘోరం తర్వాత పోలీసులు ఆడవాళ్ళకి సలహాల జాబితా ఇచ్చారు. ఎక్కడికెళ్తున్నారో ఇంట్లో చెప్పండి, జనం ఉన్నచోట ఉండండి, ఇలాంటివి. ఆర్టీసీలో ఆడ కండక్టర్లకు రాత్రి డ్యూటీలు వద్దన్నారు. అంటే ప్రమాదం మగవాళ్ళ వల్ల వస్తే రోడ్డు మీంచి తీసేయాల్సింది ఆడవాళ్ళని! ఆ నెలల్లో మా కాలేజీలోనే ఎందరు తండ్రులు కూతుళ్ళకి స్కూటీలు మాన్పించి కారు డ్రైవింగ్ నేర్పించారో. కొనగలిగిన వాళ్ళు అద్దాలు ఎత్తుకుని తాళాలు వేసుకుని వెళ్తున్నారు. ఇది మనకి కొత్తా? ఇదే నగరంలో జనానా వాళ్ళ బండ్లకీ ఆ తర్వాత కార్లకీ పరదాలు కట్టేవాళ్ళు. పెద్ద కుటుంబాల తెలుగు ఆడవాళ్ళు ఘోషా పాటించేవాళ్ళు, మేనాల్లో వెళ్ళేవాళ్ళు. ఘోషా పోయిందని మనం చరిత్ర పాఠాల్లో చెప్పుకుంటున్నాం. ఏసీ వేసుకుని వస్తే గుర్తుపట్టలేకపోతున్నాం.

కారు నడిపే స్నేహితురాళ్ళ మీద నాకు కోపం లేదు. స్టీరింగ్ పట్టుకుని అర్ధరాత్రి ఇంటికి రాగలగడం ఎంత ధైర్యమిస్తుందో నాకు తెలుసు. నా కోపం, ఆ ధైర్యాన్ని లక్షలు పోసి ఎవరికి వారే కొనుక్కోవాలనడం మీద. శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే ముంబై ఆడవాళ్ళ గురించి 2011లో ‘వై లాయిటర్?’ రాసినప్పుడు రక్షణ అనే మాటనే నిలదీశారు. ఆడవాళ్ళకి కావాల్సింది కాపలా కాదు, బయట తిరిగే హక్కూ, ఆ తిరగడంలో ఉండే రిస్కు తామే ఎంచుకునే హక్కూ అన్నారు. వాళ్ళ మాట నేను ఇంకొంచెం సాగదీస్తాను. ఊరికే తిరిగే హక్కుతో పాటు పనికెళ్ళే హక్కు కూడా అద్దాల వెనక లేకుండా కావాలి. వీధిలో ఆడవాళ్ళు కనబడకపోతే కనబడ్డ ఒక్కతే వింత అవుతుంది. పదిమంది సైకిళ్ళ మీద వెళ్తుంటే పదకొండో ఆమె వైపు ఎవడూ తల తిప్పడు.

ఇక మన ప్రభుత్వాలు సైకిలుకేమీ చేయలేదనడానికి లేదు. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం, రోడ్లు బండ్ల కోసం కాదు మనుషుల కోసం అని స్పష్టంగా చెప్పింది. 2013లో కోల్‌కతా పోలీసులు 174 రోడ్ల మీద సైకిళ్ళు నిషేధించారు! విధానం కాగితం మీద, నిషేధం రోడ్డు మీద. మన దగ్గర నిషేధం పెట్టలేదు, ట్రాక్ కట్టారు. 2023 అక్టోబర్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్, పైన సోలార్ పలకల నీడ. చూడ్డానికి ఎంత బాగుందో. కానీ అది నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు. కాచిగూడలోనో వారాసిగూడలోనో పాచిపనికెళ్ళే మనిషికి దానితో ఏం పని? కారు వెనక సైకిలు కట్టుకుని అక్కడిదాకా వెళ్ళి, దించి, తొక్కి, మళ్ళీ కారెక్కే వాళ్ళని నా కళ్ళారా చూశాను. తప్పేం లేదు, తొక్కుకోనివ్వండి. అది ఆటస్థలం. దాన్ని రవాణా అనకండి.

“ఇదంతా నీ ప్రివిలేజ్, పర్మనెంటు ఉద్యోగం ఉంది కాబట్టి సైకిలు మోజు తీర్చుకుంటున్నావు” అంది ఓ స్నేహితురాలు. వినడానికి బాగానే ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దేశంలో కారున్న ఇళ్ళు నూటికి ఐదు కూడా లేవు, సైకిలున్న ఇళ్ళు దాదాపు నలభై ఐదు. కార్లు ఆ తర్వాత పెరిగాయి, సరే. అయినా మోజు ఎవరిదో లెక్క చూసుకోవచ్చు. తెల్లవారుజామున నాలుగింటికి చీపుర్లు పట్టుకుని రోడ్లూడ్చే ఆడవాళ్ళు ఎంత దూరం నుంచి నడిచొస్తారో ఎవరైనా అడిగారా? మా వీధి ఊడ్చే ఆమె అంది నాతో, “తొక్కనీకి వస్తది అమ్మా, చిన్నప్పుడు మస్తు తొక్కిన. గీ రోడ్ల మీద ఎట్ల తొక్కాలె?” ఆమెకి నేర్పాల్సిందేమీ లేదు.

ఇంకో స్నేహితురాలి మాట మాత్రం వేరు. ఆమె దళితురాలు, నాలానే పాఠాలు చెబుతుంది. వాళ్ళ నాన్న ఊళ్ళో పెత్తందార్ల వీధి వస్తే సైకిలు దిగి, నడిపించుకుంటూ వెళ్ళేవాడట. “మా నాన్న దిగిన చోట నేను కార్లో వెళ్తాను, నువ్వు నాకు సైకిలు గొప్పలు చెప్పకు” అంది. ఆ మాటకి నా దగ్గర ఎదురుమాట లేదు, వెతకను కూడా. కానీ ఆ కట్టడిలోనే ఒక సంగతుంది. సైకిలెక్కితే మనిషి కాస్త ఎత్తుగా కనిపిస్తాడు, తన ఇష్టమొచ్చిన వేగంతో పోతాడు. ఎవరు ఎక్కాలో ఎవరు దిగాలో పెత్తందారుకి బాగా తెలుసు. రోడ్డు ఎప్పుడూ కులానిదీ మగవాడిదీ డబ్బుదీ. ఆమె కారూ నా సైకిలూ ఆ ఒక్కదాని మీదే ఫిర్యాదు.

ఆడవాళ్ళ ప్రయాణానికి డబ్బులేవీ అనకండి. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో, 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళకి బస్సు ఉచితం చేశారు. నేను రెండు చేతులా స్వాగతించాను, వాన రోజుల్లో నేనూ ఎక్కుతాను. “పనిలేక ఊళ్ళు తిరుగుతున్నారు” అని వెక్కిరించిన మగవాళ్ళని చూస్తే ఆ పథకం ఎక్కడ తగిలిందో అర్థమైంది. చేయాలనుకుంటే చేస్తారు. బస్‌స్టాపు దాకా నడవడానికి కాలిబాట, సైకిలుకి రోడ్డంచున ఆగివున్న కార్లు లేని ఒక వరస, కూడలిలో ముందు నడిచేవాళ్ళూ సైకిళ్ళూ కదలడానికి కొన్ని సెకన్లు. ఫ్లైఓవర్ ఖర్చులో ఇవెంత?

రోడ్డు దాకా ఎందుకు, మన ఆవరణల సంగతే చూద్దాం. మా కాలేజీలో స్టాఫ్ కార్లకి రేకుల షెడ్డుంది. నా సైకిలు చెత్త డబ్బాల పక్కన. ఒక కారు నిలబడే చోట ఎనిమిది సైకిళ్ళు పడతాయి. ఎండాకాలం చెమటతో తడిసి వచ్చాక చీర మార్చుకోవడానికి ఒక గది, నెలసరి రోజుల్లో కడుక్కోవడానికి ఆగకుండా నీళ్ళు. ఇవడిగితే “మీ ఒక్కరి కోసమా మేడమ్?” అన్నారు. రెండు దరఖాస్తులకి జవాబు రాలేదు. మొన్న మూడోది ఇచ్చాను. దాని మీద నాతోపాటు పదకొండు మంది విద్యార్థినులు సంతకాలు పెట్టారు. వాళ్ళలో ముగ్గురికే ఇక్కడ సైకిలుంది. మిగతా ఎనిమిది మందీ ఊళ్ళో తమ్ముళ్ళ దగ్గరున్న వాటిని తెచ్చుకుంటామంటున్నారు.